రవ్వకు బొమ్మ వేరు, ఫొటో వేరు

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్ళు పొదగడం నా పని. మా బల్ల మీదకొచ్చేవి జిర్కాన్ రాళ్ళే అయినా, చుట్టాల్లో ఎవరు రవ్వల దుద్దులు కొన్నా ముందు నన్నడుగుతారు. మొన్న గుడివాడ నుంచి మా మేనకోడలు ఒకే వజ్రానికి రెండు బొమ్మలు ఫోనులో పంపింది. అవనిగడ్డలో పెళ్ళికి ఆన్‌లైన్‌లో కొంటున్నారట. "ఏది నమ్మాలి మావయ్యా?" అంది.

ఒకదాన్లో మధ్య నుంచి అంచు దాకా ఎనిమిది నల్ల బాణాలు, అన్నీ అచ్చు గుద్దినట్టు సమానం. రెండోదాన్లో రెండు బాణాలు సన్నగా, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. మొదటిది కంప్యూటర్ గీసింది, రెండోది కెమెరా తీసింది.

గుండ్రటి రవ్వకు 57 ముఖాలు. కింది మొననూ సానపడితే 58. వజ్రం లోపల లంబానికి 24.4 డిగ్రీలు దాటి తగిలిన వెలుతురు బయటికి పోలేక వెనక్కి మళ్ళుతుంది. పైవాలు 34.5, కిందివాలు 40.75 డిగ్రీల దగ్గర కుదిరితే చాలావరకు మన కంటికే తిరిగొస్తుంది. కుదరకపోతే అడుగు నుంచి జారిపోతుంది. కంప్యూటర్ ఈ లెక్కే కడుతుంది. లెక్క తప్పు కాదు, చిక్కంతా దానికిచ్చే కొలతల్లో ఉంది. వజ్రాల నాణ్యత తేల్చే జీఐఏ సంస్థ సర్టిఫికెట్ మీద పైవాలు సగటు తీసి అర డిగ్రీకి, కిందివాలు 0.2 డిగ్రీకి సవరించి వేస్తారు. ఆ అంకెలతో గీస్తే వంకర రాయి కూడా తీరుగానే కనిపిస్తుంది. స్కానర్ ప్రతి ముఖాన్నీ విడిగా కొలిస్తే నయమే కానీ, రాయి లోపలి మసక దానికి పట్టదు. ప్లాను చూసి ఇల్లు కొన్నట్టవుతుంది.

అలాగని కంప్యూటర్ బొమ్మను నేను తీసిపారెయ్యను. 1652లో మన బందరు రేవులో దిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కొల్లూరు గనిదని చెప్పే నీలి వజ్రాన్ని తర్వాత పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1673లో దాన్ని మళ్ళీ సానపట్టారు, 1792లో దొంగలెత్తుకుపోయారు. 2007లో పారిస్ మ్యూజియంలో దాని సీసపు అచ్చు దొరికితే, దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో ఆ రాయిని మళ్ళీ చూపించారు. నేటి హోప్ వజ్రం అందులోంచే కోసిందని అలా రూఢి అయింది. లేని రాయికి అదే దిక్కు. చేతిలో ఉన్న రాయికి దాని సొంత ఫొటో ఉండాలి.

ఫొటోకీ మాయ ఉంది. రాయి కాస్త ఒరిగినా బాణాలు వంకరపోతాయి, దీపాలు మార్చితే మెరుపు పెరుగుతుంది. అందుకే మేనకోడల్ని రాయి తిప్పుతూ తీసిన వీడియో, వెలుతురు ఎటునుంచి అందుతోందో రంగుల్లో చూపే ఎసెట్ ఫొటో అడగమన్నాను. ఎసెట్‌లో ఎరుపంటే పైనుంచి అందుకున్న మంచి వెలుతురు, ఆకుపచ్చ పక్కల నుంచి వచ్చింది, నీలం చూసేవాడి తల అడ్డుపడ్డ చోటు. తెల్లగానో నల్లగానో ఖాళీ ఉందంటే అక్కడ వెలుతురు కారిపోతున్నట్టు. ఈ ఎసెట్‌నూ కంప్యూటర్‌తో గీసి ఇచ్చేవాళ్ళున్నారు. ఫొటోనేనా అని గట్టిగా అడగండి. అసలు ఫొటో ఇవ్వనన్నవాడి దగ్గర, బొమ్మ ఎంత బావున్నా, డబ్బు కట్టకండి.