మీకు తెలుసా? మూగ సినిమా నుంచి ‘షోలే’ దాకా మన కరీంనగరాయన

హుస్నాబాద్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లల్ని పైడి జైరాజ్ ఎవరని అడగండి, టక్కున జవాబు చెప్తారు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు, 1980, తెలంగాణ నుంచి మొదటివాడు. బిట్టు అయిపోయింది. ఆయన నటించిన సినిమా పేరు ఒక్కటి చెప్పమంటే మాత్రం ముఖాలు చూసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, గైడులో అంతవరకే ఉంది. 2016 దసరా దాకా మన హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలోనే ఉండె. ఇప్పుడు సిద్దిపేట జిల్లా అయినంత మాత్రాన కరీంనగర్‌లో పుట్టినాయన మనకు పరాయివాడు కాడు గనుక ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే.

పుట్టింది 1909 సెప్టెంబర్ 28న. తండ్రిది నిజాం సర్కారు కొలువు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న పిలగాడు 1929లో సినిమాల కోసం బొంబాయి పోయిండు. హైదరాబాద్ వదిలి అంత దూరం ఎందుకు పోవాలి? దీని వెనక ఒక కథ ఉంది. 1920ల మొదట్లో ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ కళాకారుడు హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూగ సినిమాలు తీశాడు, ప్రదర్శన హాళ్లు కూడా నడిపాడు. 1924లో ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రం ఆడించాడు. అందులో సుల్తాను బిడ్డకు, ఒక హిందువుకు మధ్య ప్రేమ. నిజాంకు కోపం వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో ఊరు విడిచిపొమ్మని హుకుం జారీ అయిందంటారు. గంగూలీ కలకత్తా దారి పట్టాడు. మొలకెత్తిన పరిశ్రమ అక్కడే ఆగిపోయింది. అప్పటికి జైరాజ్‌కు పదిహేనేళ్లు. తర్వాత ఆ పిచ్చి పట్టినవాళ్లకు బొంబాయి తప్ప దారి ఏముంది?

కొసమెరుపేమిటంటే, 1961లో వచ్చిన ‘రజియా సుల్తానా’లో నిరూపారాయ్ పక్కన నటించింది జైరాజే. ఊరు వదిలి పోవలసి వచ్చిన గంగూలీకి 1975 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది, జైరాజ్‌కు 1980కి.

మూగ సినిమాలో నటించడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు ఊహకు అందదు. కెమెరాకు మోటారు లేదు, మనిషి చేత్తో హ్యాండిల్ తిప్పుతుండాలి. చప్పుడు రికార్డు కాదు గనుక సీను నడుస్తుండగానే డైరెక్టర్ పక్కన నిలబడి ‘ఇటు తిరుగు, ఇంకొంచెం కోపం, ఇప్పుడు కత్తి దూయి’ అని అరుస్తూనే ఉండేవాడు. నటుడు పెదాలు కదిపినా ఆ మాట ఎవరికీ వినపడదు. రెండు సీన్ల నడుమ అక్షరాల అట్ట వస్తుంది, చదువు రానివాళ్ల కోసం హాల్లో ఒకరు దాన్ని పైకి చదివి వినిపిస్తారు. ఇక్కడే మనాయనకు కలిసొచ్చింది. తెలుగువాడా, మరాఠీవాడా, ఏ యాసలో మాట్లాడతాడన్నది అడిగే పని లేదు. కావాల్సింది ఒడ్డూ పొడుగూ, చూపులో పదును. అవి ఆయనకు దండిగా ఉన్నాయి. 1930లో ‘రసీలీ రాణి’తో హీరో అయ్యాడు. మొత్తం పదకొండు మూగ చిత్రాలు చేశాడు.

1931లో ‘ఆలం ఆరా’ మాట్లాడింది. (అందులో ఒక చిన్న వేషం మన ఎల్.వి. ప్రసాద్‌ది. ఆ రోజుల్లో బొంబాయిలో తెలుగు నటులు మనం అనుకున్నంత అరుదేం కాదు.) మాటలొచ్చేసరికి మూగ తారల్లో చాలామంది ఇంటిదారి పట్టారు. కొందరికి గొంతు లేదు, కొందరికి హిందుస్తానీ పలకదు. జైరాజ్‌కు ఆ ఇబ్బంది రాలేదు. 1932లో ‘షికారీ’తో మాట్లాడే సినిమాలోకి నడిచి వెళ్లిపోయాడు. కారణం పెద్ద రహస్యమేం కాదని నా లెక్క. నిజాం ఇలాకాలో చదువంటే ఉర్దూ, కచేరీ అంటే ఉర్దూ. హైదరాబాద్‌లో చదివినవాడికి బొంబాయి డైలాగు ఒక లెక్కా? మన దగ్గర తెలుగువాళ్లు తెలుగు బడి లేదని ఎంత బాధపడ్డారో అందరికీ తెలిసిందే. ఆ చదువే ఒకాయనకు ఇట్లా అన్నం పెట్టింది, అది కూడా నిజమే. అదే సంవత్సరం ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమా నోరు విప్పేనాటికి ఈయన హిందీలో పాతకాపు అయిపోయిండు. ఇంక వెనక్కి వచ్చే అవసరం ఏముంది?

ఈ ముక్క మాత్రం గైడుల్లో రాదు. హిందీ సాహిత్యంలో మహారచయిత మున్షీ ప్రేమ్‌చంద్ సినిమాకు కథ రాశాడు, తెర మీద కూడా కనిపించాడు. 1934 నాటి ‘మిల్’, దానికే ‘మజ్దూర్’ అని ఇంకో పేరు. అజంతా సినీటోన్ తీసింది, మోహన్ భవ్‌నానీ డైరెక్టర్. మిల్లు కార్మికుల కష్టం, యజమాని దౌర్జన్యం, సమ్మె, ఇదీ కథ. కార్మికులకు, యజమానికి మధ్య పంచాయతీ చెప్పే పెద్దమనిషిగా ప్రేమ్‌చంద్ కాసేపు కనిపిస్తాడు. హీరో జైరాజ్. బొంబాయి బట్టల మిల్లుల ఊరు, సెన్సార్ వాళ్లకు గుండె గుభేల్‌మంది. అక్కడ నిషేధించారు. మిల్లు కూలీలను రెచ్చగొడుతుందన్నది అభ్యంతరం. సినిమా చూసి బనారస్‌లో ప్రేమ్‌చంద్ సొంత ప్రెస్సులోని పనివాళ్లే జీతాల కోసం సమ్మెకు దిగారని ఒక ముచ్చట చెప్పుకుంటారు. నిజమైనా కాకపోయినా భలే ఉంది. విచారమేమిటంటే ఆ సినిమా ప్రింటు ఇవాళ దొరకదు. బీడీ కార్మికులు, నేతన్నలు, బొగ్గుబాయి కార్మికులు ఉన్న మన ఉత్తర తెలంగాణలో దాన్ని ఒక్కసారి ఆడించగలిగితే ఎట్లుండేదో.

ఇంకోటి. 1943లో బాంబే టాకీస్ ‘హమారీ బాత్’ వచ్చింది. మహానటి దేవికారాణికి అదే చివరి సినిమా. పక్కన హీరో జైరాజ్. అందులో చిన్న వేషం కట్టిన కుర్రాడి పేరు రాజ్ కపూర్. దేవికారాణి మొట్టమొదటి ఫాల్కే గ్రహీత. జైరాజ్‌కు 1980కి, రాజ్ కపూర్‌కు 1987కి అదే అవార్డు దక్కింది. ఒక్క సినిమాలో ముగ్గురు! రెండేళ్లు తిరక్కుండానే జైరాజ్ ‘ప్రతిమ’కు డైరెక్టరయ్యాడు. హీరో అప్పటికి ఒకే ఒక్క సినిమా చేసిన కొత్త కుర్రాడు. పేరు దిలీప్ కుమార్.

డబ్బు పోగొట్టుకున్న సంగతి కూడా ఉంది. నర్గీస్‌ను పెట్టి ‘సాగర్’ (1951) సొంతంగా తీసి, డైరెక్ట్ చేశాడు. ఆడలేదు.

నడివయసు దాటాక ఎవరైనా తండ్రి వేషాలకు దిగుతారు. ఈయన యాభై దగ్గర పడ్డాక గుర్రమెక్కాడు. ‘అమర్ సింగ్ రాఠోడ్’, ‘సామ్రాట్ పృథ్వీరాజ్ చౌహాన్’, ‘వీర్ దుర్గాదాస్’. 1950ల చివర బొంబాయిలో చరిత్ర సినిమా అంటే కిరీటం జైరాజ్‌ది అన్నట్టు నడిచింది. 1959లో ‘టిప్పు సుల్తాన్’ కూడా చేశాడు. టిప్పును కూల్చిన 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో నిజాం సేనలు ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడ్డాయి. ఆ నిజాం రాజ్యంలో పుట్టినాయన తెర మీద టిప్పు అయ్యాడు. ఇన్ని రాజ్యాలు ఏలినా ఓరుగల్లు గద్దె మీద కూర్చునే వేషం మాత్రం రాలేదు.

హాలీవుడ్ కూడా తలుపు తట్టింది. గాంధీ హత్య మీద మార్క్ రాబ్సన్ తీసిన ‘నైన్ అవర్స్ టు రామా’ (1963)లో జి.డి. బిర్లా వేషం ఈయనదే. మన దేశంలో ఆ సినిమాను నిషేధించారు. అంటే బయట దేశాలవాళ్లు చూశారు, ఇక్కడివాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. అంతకుముందు ‘మిల్’, ఆ తర్వాత ఇది. నిషేధాలు ఈయన్ని వెతుక్కుంటూ వచ్చేవేమో.

మీరు జైరాజ్‌ను చూడనే లేదనుకుంటున్నారు కదా? చూశారు. ‘షోలే’ (1975) ఎన్నిసార్లు చూసి ఉంటారు? అందులో పోలీస్ కమిషనర్‌గా కాసేపు కనిపించేది ఆయనే. అమితాబ్ ‘డాన్’ (1978)లో దయాళ్ కూడా ఆయనే. చేతితో తిప్పే కెమెరా ముందు మొదలైన మనిషి సెవెంటీ ఎంఎం స్టీరియో దాకా వచ్చాడు. నూట డెబ్బైకి పైగా చిత్రాలు. 2000 ఆగస్టు 11న ముంబైలో కన్నుమూసేనాటికి తొంభై ఏళ్లు నిండి, తొంభై ఒకటోది కూడా పూర్తి కావస్తోంది.

రవీంద్రభారతిలో ఉన్న ప్రివ్యూ థియేటర్‌కు తెలంగాణ సర్కారు పైడి జైరాజ్ పేరే పెట్టింది. హైదరాబాద్ పనిమీద పోయినప్పుడు ఓసారి చూసి రండి. గైడుల్లో మాత్రం ఇప్పటికీ ఒక్క మార్కే.