కళాశాల గ్రేడుల లెక్క

రామప్పగుడి గల పాలంపేటనుండి డిగ్రీ చదువునకై ములుగునకో హనుమకొండకో పోవు బాలిక, సెమిస్టరు ముగియగానే యింటికి వచ్చి “ఏడున్నర వచ్చిన”దని చెప్పినచో, అమ్మమ్మ “నూటికి ఏడున్నరయా!” యని గుండె బాదుకొనుటలో వింత లేదు. తెలంగాణ డిగ్రీ కళాశాలలలో 2016–17 నుండి క్రెడిట్ల పద్ధతి వచ్చినది. ఈ యంకెను జూచియే పిల్లను పై చదువునకు బంపుటయా, మాన్పించుటయా యని నిశ్చయించు గృహములు గలవు గనుక, తల్లులు దీనిని స్వయముగా గట్టి చూచుకొనగలుగుట యవసరమని మా యభిప్రాయము.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ సూచించిన పట్టికలో ఉత్తమ గ్రేడగు ‘ఓ’కు 10 పాయింట్లు, క్రమముగా దిగి, కేవలము గట్టెక్కినవారికి 4, తప్పినను, పరీక్షకు రాకున్నను సున్న. విశ్వవిద్యాలయములు దీనిని మార్చుకొనుటయు గలదు; కావున తమ విశ్వవిద్యాలయపు పట్టికనే చూడవలెను. క్రెడిట్టనగా పాఠమునకుగల బరువు. వారమునకొక గంట బోధన, లేక రెండు గంటల ప్రయోగశాల పని, సెమిస్టరంతయు సాగినచో ఒక క్రెడిట్టు.

సోదరీమణులారా, కిలో 60 రూపాయల బియ్యము ఐదు కిలోలును, 90 రూపాయలది ఒక కిలోయును కొన్నచో సగటు ధర 75 అని మీలో నెవ్వరైన నందురా? మొత్తము 390; ఆరింట భాగించిన 65. గ్రేడుల లెక్కయు నిదియే.

ఒక బాలికకు ఐదేసి క్రెడిట్ల ప్రధాన పాఠములు మూడింట 8, 7, 6. నాలుగేసి క్రెడిట్ల ఆంగ్లమున 7, తెలుగున 9. రెండు క్రెడిట్ల పర్యావరణ పాఠమున 10 వచ్చినవనుకొందము. పాయింట్లను క్రెడిట్లచే హెచ్చించి కూడగా 40, 35, 30, 28, 36, 20 కలిసి 189. మొత్తము క్రెడిట్లు 25, భాగఫలము 7.56. పాయింట్లను మాత్రమే కూడి ఆరింట భాగించువారికి 7.83 వచ్చును, అది తప్పు.

ఐదు క్రెడిట్ల పాఠమున ఒక్క పాయింటు హెచ్చినచో సగటు 0.20 పెరుగును, రెండు క్రెడిట్లదానిలో 0.08 మాత్రమే. పరీక్షలముందు ఏ పుస్తకమునకెన్ని రాత్రులో దీనినిబట్టి తేల్చుకొనవచ్చును. కాని చిన్న పాఠమును విడిచిపెట్టరాదు. ఆ పర్యావరణముననే తప్పినచో 189 కాస్త 169 అయి, సగటు 6.76కు దిగును, సున్న వచ్చినను దాని క్రెడిట్లు భాజకములో నుండనే యుండును.

రెండవ సెమిస్టరున 20 క్రెడిట్లకు 8.10 వచ్చినచో, 189కి 162 చేర్చి 45చే భాగింపవలెను: 7.80.

ఇక దరఖాస్తులలో నూటికెంతయని యడుగుదురు. బిందువును జరిపి 78 అని వ్రాయుట పలువురి యలవాటు. హైదరాబాదు జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి 2018 బి.టెక్. నిబంధనలనుబట్టి అర తీసివేసి పదింట హెచ్చింపవలెను. అప్పుడు 73 మాత్రమే. తమ విశ్వవిద్యాలయపు సూత్రమును కళాశాలలో నడిగి వ్రాసికొనిన పిదపనే దరఖాస్తు నింపవలెను.