మీకు తెలుసా? ఇంటి చుట్టూ కంచె ఉంటే చాలదు

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే శివారు కాలనీల్లో, డాలస్ దగ్గరి ఫ్రిస్కో కానివ్వండి, న్యూజెర్సీలోని ఎడిసన్ కానివ్వండి, పెరళ్ల చుట్టూ సన్నని నల్ల ఊచల కంచెలు కనిపిస్తాయి. చూడగానే ఇనుము అనుకుంటాం. వాటిలో చాలా అల్యూమినియంవే. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోదు.

ఇళ్ల కోసం అమ్మే ఈ కంచెల్లో ఊచకూ ఊచకూ మధ్య సందు సాధారణంగా నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ ఉంటుంది. అది అందం కోసం పెట్టిన లెక్క కాదు. ఈత కొలను చుట్టూ వేసే కంచె సందులోంచి 4 అంగుళాల వ్యాసమున్న బంతి దూరకూడదని అక్కడి భద్రతా నియమం. బంతి దూరకపోతే పసిపిల్ల ఒళ్లూ దూరదు. ఎత్తు కనీసం 48 అంగుళాలు, అదీ కొలనుకు బయటివైపు నుంచి కొలిచి చూడాలి. అడ్డపట్టీల మధ్య దూరానికీ నియమం ఉంది. పట్టీలు 45 అంగుళాల కంటే దగ్గరగా ఉంటే పిల్లలు వాటిమీద కాలుపెట్టి ఎక్కేస్తారు. అందుకే అలాంటి కంచెకు పట్టీలు కొలనువైపే ఉండాలి, ఊచల మధ్య సందు ఒకటి ముప్పావు అంగుళం దాటకూడదు. ఊరూరికీ నియమాలు కొద్దిగా మారతాయి కాబట్టి పని మొదలుపెట్టే ముందు స్థానిక కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోవాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ దేశంలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునగడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్థలం హద్దు వెంట మూడు వైపులా కంచె వేసి, నాలుగో వైపు ఇల్లు ఉందిలే అనుకుంటారు. కానీ ఆ ఇంటి పసివాడు వీధిలోంచి రాడు, వంటింటి పక్క తలుపు తీసుకుని పెరట్లోకి వస్తాడు. హద్దు కంచె పక్కింటి పిల్లల్ని ఆపుతుంది, మన పిల్లల్ని ఆపదు. కొలనును ఇంటి నుంచి కూడా విడదీస్తూ నాలుగు వైపులా వేసిన కంచె, మూడు వైపుల హద్దు కంచెతో పోలిస్తే, మునిగే ప్రమాదాన్ని 83 శాతం తగ్గిస్తుందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. నన్నడిగితే కంచె కోసం పెట్టే డబ్బులో మొదటి వాటా కొలనుకే పోవాలి. వీధివైపు సొగసు తర్వాత చూసుకోవచ్చు.

కొలను గేటు బయటికే ఎందుకు తెరుచుకోవాలో తెలుసా? గడియ సరిగ్గా పడకపోయినా, బయటి నుంచి పిల్ల తోస్తే గేటు మూసుకుపోతుందే తప్ప తెరుచుకోదు. గేటు దానంతటదే మూసుకోవాలి, గడియా దానంతటదే పడాలి. గడియ తీసే మీట 54 అంగుళాల ఎత్తున ఉంటే చిన్న చేతికి అందదు. మనవళ్లను చూసుకోవడానికి ఇక్కడి నుంచి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలకు ఇది మరీ ముఖ్యం. మాటిమాటికీ తీయడం విసుగనిపించి గేటుకు ఇటుక అడ్డం పెట్టకండి. కంచె పక్కన కుర్చీ గానీ, బోర్లించిన కుండీ గానీ ఉంచకండి. వీటిలో ఏది చేసినా అంత ఖర్చుపెట్టి వేసిన కంచె ఉండీ లేనట్టే.

కంచె పోస్టులకు గుంత తవ్వే ముందు అక్కడ 811కు ఫోన్ చేయాలి. 2007 నుంచి దేశమంతటికీ ఒకటే నంబరు, ఇంటి యజమాని నుంచి పైసా తీసుకోరు. నేలలో ఏ గొట్టం, ఏ తీగ ఎటు పోతోందో మనుషులు వచ్చి రంగు వేసి చూపిస్తారు. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాసుకు, నీలం మంచినీళ్లకు, నారింజ ఫోను, ఇంటర్నెట్ తీగలకు, ఆకుపచ్చ మురుగుకు. పోస్టుకు రెండడుగుల గుంతే కదా అని ఆ ఫోన్ మానేస్తే గునపం గ్యాసు గొట్టానికి తగలొచ్చు. హద్దు ఎక్కడుందో సర్వే కాగితం చూసి తేల్చుకోవడం, కాలనీ సంఘం ఒప్పుకునే రంగు, ఎత్తు కనుక్కోవడం కూడా ఈలోపే.

గుంత లోతును చలి నిర్ణయిస్తుంది. మినెసోటాలో నేల గడ్డకట్టే లోతును నిర్మాణ నియమాల్లో దక్షిణాన 42, ఉత్తరాన 60 అంగుళాలుగా లెక్కిస్తారు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ పైన, గడ్డకడుతున్న మట్టి కింది తేమను పైకి లాగి మంచు పొరలుగా పేరుస్తుంది. పోస్టు అడుగు నేల గడ్డకట్టే లోతు కంటే కింద లేకపోతే చలికాలం దాటేసరికి అది పైకి లేచి గేటు గడియ కలవదు. ఫ్లోరిడాలో ఈ బెడద లేదు.

ఇక కంచె లోహం సంగతి. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు అల్యూమినియం తొడిగారు. అప్పట్లో అది వెండితో సమానమైన ఖరీదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టారు. లేకపోతే పెరటి కంచెకు ఈ లోహం వాడడం ఊహకైనా అందేది కాదు. బరువు ఉక్కులో మూడో వంతు. గాలి తగలగానే పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర పట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పులా పెచ్చులూడదు. పైన వేసే పౌడర్ కోటింగ్‌ను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. తడి కాంక్రీటులోని క్షారం మాత్రం ఉత్త అల్యూమినియాన్ని తింటుంది, కాబట్టి పోస్టు పాతేటప్పుడు అడుగున ఆ పూత గీరుకుపోకుండా చూడాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి.

స్థలం వాలుగా ఉంటే ఒక్క మాట. ప్యానెళ్లను మెట్లుమెట్లుగా బిగిస్తే ప్రతి మెట్టు కిందా ముక్కోణపు ఖాళీ మిగులుతుంది. కొలను కంచె కింద మట్టి మీద 2 అంగుళాలకు మించి సందు ఉండకూడదు. నేల వాలును బట్టి వంగే ప్యానెళ్లు దొరుకుతాయి, వాటిని ర్యాకబుల్ అంటారు. కాస్త ధర ఎక్కువైనా వాలు నేలకు అవే తీసుకోండి.