బాధ్యత కన్నా ముందే శిక్షణ

కొంతకాలం క్రితం ఒక సాయంత్రం ముషీరాబాద్‌లోని మా ఇంట్లో గ్యాస్ వాసన వచ్చింది. పాలు పొంగి పొయ్యి మంట ఆరిపోయిన సంగతి ఎవరమూ గమనించలేదు. ముందుగా వంటింట్లోకి వెళ్ళినవాడు ఏడవ తరగతి చదువుతున్న మా అబ్బాయి. వాసన బయటికి పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వైపు చేయి చాపాడు. వెనుకనే వచ్చిన దాదీమా ఆ చేయి పట్టుకుని ఆపారు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలూ తలుపులూ తెరిచారు. అల్లాహ్ దయవల్ల ప్రమాదం తప్పింది.

మా అబ్బాయికి సైన్సులో మంచి మార్కులే వస్తాయి. మండటానికి ఆక్సిజన్ కావాలని పరీక్షలో చక్కగా రాయగలడు. కాని వంటగ్యాస్ గాలి కన్నా బరువైనదనీ, నేల మీద పేరుకుంటుందనీ, స్విచ్ వేసినా తీసినా పుట్టే చిన్న నిప్పురవ్వ ప్రమాదానికి చాలుననీ, ఇంటి బయటికి వచ్చిన తరువాతే 1906 నంబరుకు ఫోను చేయాలనీ అతనికి తెలియదు. మేము ఏనాడూ చెప్పలేదు. ఆ తప్పు అతనిది కాదు, మాది.

'నువ్వు చదువుకో, మిగతావి మేము చూసుకుంటాం'

మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది. ప్రేమతో అనే మాటే. కాని దాని ఫలితం ఏమిటో తెలుసుకోవడానికి మేము ఎంతో దూరం వెళ్ళనక్కర లేదు. పక్కనే ఉన్న అశోక్‌నగర్‌కు పోటీ పరీక్షల కోసం జిల్లాల నుండి యువతీ యువకులు వస్తుంటారు. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుండి రాత్రి దాకా చదువుతుంటారు. వారి పట్టుదల మెచ్చదగినదే. అయితే అన్నం వండటం, నెలకు పంపిన డబ్బును నెలాఖరు దాకా సర్దుకోవడం, జ్వరం వస్తే ఏం చేయాలో ఆలోచించడం వంటివి ఇల్లు విడిచాకే మొదటిసారిగా నేర్చుకునేవారు వారిలో ఎందరో. పన్నెండేళ్ళ వయసులో సరదాగా అబ్బే పని, ఇరవై దాటాక భారంగా మీద పడుతుంది.

ధర్మం చూపిన క్రమం

ఇస్లాంలో బాధ్యత కన్నా ముందే శిక్షణ మొదలవుతుంది. నమాజు యుక్తవయసు వచ్చాకే విధి అవుతుంది. అయినా పిల్లలకు ఏడేళ్ళ నుండే నమాజు నేర్పమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. విధి అయ్యే నాటికి అది అలవాటుగా మారి ఉండాలన్నది అందులోని వివేకం.

లోక వ్యవహారాల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. అనాథల ఆస్తి గురించి దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 6వ ఆయతులో ఒక ఆజ్ఞ ఉంది. వివాహ వయసు వచ్చేదాకా వారిని పరీక్షిస్తూ ఉండాలి. వారిలో వివేకం కనిపించినప్పుడు వారి ఆస్తిని వారికి అప్పగించాలి. అంటే వయసు ఒక్కటే చాలదు. వివేకం ఏర్పడిందో లేదో అంతకు ముందు నుండే చూస్తూ ఉండాలి. ఏ పనీ అప్పగించకుండా పరీక్షించడం సాధ్యమా? అనాథ బాలుని విషయంలో సంరక్షకునికి ఇంత బాధ్యత ఉంటే, సొంత బిడ్డల విషయంలో తల్లిదండ్రులకు ఎంత ఉండాలి!

విద్యావేత్తలూ ఈ సంగతి గుర్తించారు. మన హైదరాబాదులోనే 1897లో జన్మించి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1937లో వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షత వహించారు. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం వంటి ఏదో ఒక చేతిపని చుట్టూ పిల్లల చదువు సాగాలన్నది ఆ కమిటీ సూచన. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుండి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి పనివారి దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. బడిలో పది రోజులు గడిచినా, మిగతా రోజులన్నీ ఇంటివే కదా!

నీళ్ళతో మొదలుపెడదాం

మా ప్రాంతంలోని భోలక్‌పూర్‌ను 2009 మే నెల మరచిపోలేదు. మురుగు కలిసిన తాగునీటి వల్ల పలువురు ప్రాణాలు కోల్పోయారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. పైపులు బాగుచేయవలసింది ప్రభుత్వమే, సందేహం లేదు. కాని కుళాయి నీటి రంగు మారినా, వాసన వచ్చినా పెద్దలకు చెప్పాలనీ, అటువంటి నీరు కాచినా కాచకపోయినా తాగరాదనీ ఆరవ తరగతి పిల్లకు తెలిసి ఉండాలి.

విరేచనాలు పట్టుకున్న చిన్న తమ్ముడికి ఓఆర్ఎస్ కలిపి ఇవ్వడం కూడా ఆ పిల్ల నేర్చుకోగలదు. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో మొత్తం పొడి కలపాలి. ప్యాకెట్ దొరకకపోతే 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో తల కొట్టిన 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు అంతకు మించరాదు. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108కు ఫోను చేసి ఇంటి గుర్తులు చెప్పడం కూడా ఒకసారి సాధన చేయించండి. కంగారులో సొంత చిరునామా చెప్పలేని పెద్దలు ఎందరో ఉన్నారు.

బజారు, లెక్క

రెండవ పాఠం బజారులో ఉంది. రాంనగర్ చేపల మార్కెట్‌కు పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళండి. మొప్పలు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి వస్తే అది తాజా చేప అని చూపించండి. తరువాతి వారం ఎంపిక అతనికే వదలండి. ఆ వెనుక ఒక వారం కూరగాయల ఖర్చు చేతికి ఇచ్చి లెక్క రాయించండి. అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోమన్న అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. లెక్క రాయడం చిన్న పని కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం ఏముంది?

ఫోనులో డబ్బు పంపే రోజులివి. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కర లేదనీ, ఓటీపీ ఎవరికీ చెప్పరాదనీ, మోసం జరిగితే వెంటనే 1930కు ఫోను చేయాలనీ కూడా ఈ పాఠంలో భాగమే.

ఇంటి పని అందరిదీ

మూడవ పాఠం ఇంటి పని. ఇది ఆడపిల్లలకే అనుకోవడం మన అలవాటు, ధర్మం కాదు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన తన చెప్పులు తానే బాగుచేసుకునేవారు, తన బట్టలు తానే కుట్టుకునేవారు. ఆయన అనుచరులమని చెప్పుకునే ఇళ్ళలో అబ్బాయి తిన్న పళ్ళెం చెల్లెలు కడగడం ఏ సున్నత్?

తప్పు చేస్తే?

పాలు ఒలుకుతాయి, రొట్టె మాడుతుంది, చిల్లర తక్కువ వస్తుంది. అప్పుడు మనం ఏమంటామన్న దాని మీదే శిక్షణ నిలుస్తుంది. హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ళ వయసులో దైవప్రవక్త (సఅసం) సేవలో చేరారు. అంటే మన మాధ్యమిక పాఠశాల పిల్లల ఈడే. పదేళ్ళ పాటు సేవ చేసిన తనను ప్రవక్త (సఅసం) ఒక్కసారి కూడా విసుక్కోలేదనీ, ఇలా ఎందుకు చేశావనీ, ఎందుకు చేయలేదనీ నిలదీయలేదనీ ఆయనే చెప్పారు. ఆ పదేళ్ళ బాలుడే తరువాత సముదాయానికి గొప్ప విద్యావేత్త అయ్యాడు.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టే పని మా అబ్బాయిదే. మొదటి వారం రెండు రాత్రులు మరచిపోయాడు. దాదీమా కోప్పడలేదు, అతన్ని పిలిచి వంటింటి వైపు చూపించారు, అంతే. ఇప్పుడు ఆ పని అతనికి ఎవరూ గుర్తుచేయనక్కర లేదు. ఈ నెలలో మీరూ మీ పిల్లలకు ఒక్క పని పూర్తిగా అప్పగించండి. ఇన్షాఅల్లాహ్, వారి చేతికి పని వస్తుంది, మన మనసుకు నిశ్చింత వస్తుంది.