కంప్యూటరు తేదీ వ్రాయు తీరు

రైలు అర్ధరాత్రి దాటిన పది నిమిషములకు బయలుదేరును. టిక్కెట్టుపై తేదీ 15 అనియు, వేళ 00-10 అనియు ఉన్నది. ఇంటిల్లిపాది 15వ తేదీ రాత్రి భోజనములు ముగించి, సామాను సర్దుకొని స్టేషనుకు పోయిరి. వారి రైలు వెళ్ళి అప్పటికి దాదాపు ఒక దినమైనది. 15వ తేదీ మొదటి పది నిమిషములు 14వ తేదీ రాత్రిలోనే దాగి యున్నవని వారికి స్ఫురింపలేదు. వారిని మేము తప్పు పట్టజాలము. మన పూర్వులకు దినమనగా సూర్యోదయము మొదలు మరల సూర్యోదయము వరకు. కనుకనే శుభలేఖలలో ‘బుధవారము రాత్రి, తెల్లవారితే గురువారము, 2 గంటల 15 నిమిషములకు’ అని అచ్చు వేయించుట ఆచారమైనది. ఆ ‘తెల్లవారితే’ అను ఒక్క మాట ఎందరు బంధువులను ముహూర్తమునకు వేళకు చేర్చినదో!

శుభలేఖ వ్రాయు పెద్దలెరిగిన ఈ చిక్కే నేడు కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయువారికి అనుదినము ఎదురగుచున్నది. బ్యాంకు రసీదు మీది తేదీ, సెల్ ఫోనులో వచ్చిన సందేశము క్రింది వేళ, ఇవన్నియు ఏదో యొక ప్రోగ్రాము అక్షరములుగా మార్చి మనకు చూపునవే.

యంత్రము లోపల తేదీ సాధారణముగా తేదీ రూపమున ఉండదు. యూనిక్స్ అను వ్యవస్థ నుండి వ్యాపించిన పద్ధతిలో, 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలుకొని గడచిన సెకండ్ల సంఖ్య మాత్రమే ఉండును. ఒక్కొక్కప్పుడు ఫోనులో ఏదో పాత ఫైలుకు ‘1970 జనవరి 1, ఉదయము 5-30’ అని కనిపించుటకు కారణమిదే. అసలు తేదీ పోయి అచట సున్న మిగిలినది. మన గడియారము గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందు గనుక, సున్న మనకు ఉదయము ఐదున్నరగా తోచును.

ఈ లెక్క నూరు కోట్లకు చేరిన క్షణమును చూడుడు. మన దేశమున అది 2001 సెప్టెంబరు 9, ఆదివారము ఉదయము 7 గంటల 16 నిమిషముల 40 సెకండ్లు. న్యూయార్కులో అప్పటికింకను శనివారము, 8వ తేదీ, రాత్రి 9-46. క్షణము ఒక్కటే, సంఖ్య ఒక్కటే. వ్రాసిన మాటలు వేరు. కావున సంఖ్యను మాటగా మార్చునపుడు ఏ ఊరివారికొరకు, ఏ ఆచారము ననుసరించి అను రెండు ప్రశ్నలకు ప్రోగ్రాము వ్రాయువాడు సమాధానము చెప్పి తీరవలయును.

ఆచారమును తెలుపుటకు సంకేతాక్షరము లున్నవి. ‘సి’ అను ప్రోగ్రాము భాషలో శాతపు గుర్తు పెట్టి పెద్ద ‘వై’ వ్రాసిన నాలుగంకెల సంవత్సరము, చిన్న ‘ఎమ్’ వ్రాసిన నెల, పెద్ద ‘ఎమ్’ వ్రాసిన నిమిషములు వచ్చును. జావా అను భాషలో శాతపు గుర్తు లేదు సరికదా, అక్షరములును తారుమారు: రెండు పెద్ద ‘ఎమ్’లు నెలకు, రెండు చిన్నవి నిమిషములకు. ఒక భాష అలవాటుతో మరియొక దానిలో వ్రాసినచో 9 గంటల 42 నిమిషములకు పుట్టిన పత్రముపై నలుబది రెండవ నెల అచ్చు పడును. ఇది నవ్వు పుట్టించు తప్పు గనుక వెంటనే దొరకును.

దొరకని తప్పు వేరొకటి కలదు. జావాలో చిన్న ‘వై’ మామూలు సంవత్సరమునకు, పెద్ద ‘వై’ వారముల లెక్కపై నడచు సంవత్సరమునకు గుర్తులు. ఏడాది పొడవునా రెండును సాధారణముగా ఒకే అంకెను చూపును. వారము సోమవారముతో మొదలగు అంతర్జాతీయ లెక్కలో 2019 డిసెంబరు 30, సోమవారము, 2020వ సంవత్సరపు మొదటి వారమునకు చెందును. పెద్ద ‘వై’ వాడిన ప్రోగ్రాము ఆ దినమును 2020 డిసెంబరు 30గా వ్రాయును! పరీక్ష జూలైలో జరిపినవారికి ఇది ఎన్నటికి కనబడును?

సంవత్సరమును రెండంకెలతో వ్రాసి పొదుపు చేసిన పాపము 2000వ సంవత్సరమున ప్రపంచమునంతటిని కలవరపెట్టినది. పాత ప్రోగ్రాములు కొన్ని 1900 నుండి గడచిన ఏండ్లను లెక్కించి, ముందు 19 అని తగిలించెడివి. 2000 జనవరి 1న అవి 19100 అని చూపినవి. ఈ చిక్కు మనకు క్రొత్త కాదు. 1965 ఉగాదికి వచ్చిన విశ్వావసు నామ సంవత్సరము 2025 ఉగాదికి మరల వచ్చినది. తాతగారి జాతకములో సంవత్సరనామము మాత్రమే యున్నచో అరువది ఏండ్ల సందేహము తప్పదు.

జాతకమన్న మరియొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. భారత కాలమానమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడ సమీపమున పోవుచున్నది. ఐదున్నర గంటల తేడా అందుండి వచ్చినదే. కాని యుద్ధకాలమున, 1942 నుండి 1945 వరకు, గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. 1943లో ఉదయము 6 గంటలకు పుట్టినట్లు వ్రాసికొన్నవారికి నేటి లెక్కలో అది 5 గంటలే. దీనిని విస్మరించిన ప్రోగ్రాము లగ్నమునే మార్చివేయగలదు. అందుచేత ఏ దేశమున ఎప్పుడు గడియారము మార్చిరో తెలుపు పట్టికలను విద్వాంసులు సమకూర్చి, యంత్రములకు అందించుచున్నారు.

అంకెల వరుస సంగతి. 04-07 అనగా మనకు జూలై 4. అమెరికావారికి ఏప్రిల్ 7. ఈ తగవు తీర్చుటకు 1988లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 8601 అను సంఖ్యగల ప్రమాణమును వెలువరించినది. మొదట సంవత్సరము, పిదప నెల, తుదకు దినము: 2024-01-15. వేళ కూడ వ్రాసినచో చివర +05:30 అని మన కాలమానపు తేడాను చేర్చవచ్చును. ఇట్లు వ్రాసిన తేదీలను అక్షరక్రమమున పేర్చినను కాలక్రమము చెడదు. మన పద్ధతిలో 02-11-2024 అను నవంబరు తేదీ 15-01-2024 అను జనవరి తేదీకి ముందు వచ్చి కూర్చుండును. యంత్రములు తమలో తాము మాటలాడుకొనుటకు ఈ ప్రమాణమే మేలని మా అభిప్రాయము. ఇంటివారికి చూపునపుడు మాత్రము నెలను అక్షరములతో వ్రాయుటే క్షేమము.

తెలుగులో వ్రాయుట కొంత సుకరమే. ఇంగ్లీషులో వరుస సంఖ్యకు చేర్చు తోక ఒకటికి, రెంటికి, మూటికి వేరువేరు; మనకు ‘వ’ ఒక్కటే చాలును. పగటిని రెండు సగములుగా మాత్రమే చీల్చుట మనవారికి రుచింపదు: ఉదయము 9, మధ్యాహ్నము 2, సాయంకాలము 5, రాత్రి 8 అందుము. యూనికోడ్ సంస్థవారి భాషా భాండారములో ఈ తెలుగు మాటలును, నెలల, వారముల పేర్లును చేరియున్నవి. రాత్రి 2 గంటల 15 నిమిషముల ముహూర్తమునకు ‘తెల్లవారితే గురువారము’ అని వ్రాయుటకు మాత్రము పైన చెప్పిన సంకేతములలో అక్షరము లేదు. శుభలేఖల ప్రోగ్రాము వ్రాయువాడు సూర్యోదయమునకు ముందు వేళలను తానే వేరుచేసి, క్రితము వారము పేరు ముందుంచి, ఆ మాటను చేర్చుకొనవలయును.