పెద్దమనిషి అవ్వడానికి ముందు

తెలుగులో ఒక వింత మాట ఉంది: "పెద్దమనిషి అయింది". ఊళ్లో తగువులు తీర్చే తాతగారూ పెద్దమనిషే, ఆరో క్లాసు చదివే పదకొండేళ్ల అమ్మాయీ పెద్దమనిషే. ఆయనకి ఆ పేరు రావడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ అమ్మాయికి ఒక్క రోజు చాలు. మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే అదొక బూలియన్ వేరియబుల్. నిన్నటిదాకా ఫాల్స్, ఇవాళ ట్రూ. మధ్యలో ఏమీ లేదన్నట్టు.

కానీ మధ్యలో చాలా ఉంటుంది. తొమ్మిదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఒక అమ్మాయి లోపల ఏం జరుగుతుందో చెప్పే కథలకి ఇంగ్లిష్‌లో పెద్ద సంప్రదాయమే ఉంది. వాటిని కమింగ్ ఆఫ్ ఏజ్ కథలు అంటారు. ఎదిగే కథలు అనుకుందాం. ఈ కథలు ఎలా పనిచేస్తాయి, ఎందుకు గొడవలు తెస్తాయి, మన దగ్గర ఎందుకు తక్కువ అన్నదే ఈ వ్యాసం.

మార్గరెట్ ఏం చేసింది?

అమ్మాయిల గురించి పుస్తకాలు ముందు నుంచీ ఉన్నాయి. లూయిసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' 1868లో వచ్చింది. ఎల్.ఎం. మాంట్‌గోమరీ 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' 1908లో వచ్చింది. అందులో ఆన్ పదకొండేళ్లకి కథలోకి వస్తుంది, పదహారేళ్లకి పుస్తకం అయిపోతుంది. ఆ ఐదేళ్లలో ఆమె కోపం, చదువు, స్నేహం అన్నీ మారతాయి. పీరియడ్స్ ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. అప్పటి పుస్తకాల్లో దాని గురించి రాసేవాళ్లు కాదు, అంతే.

1970లో జూడీ బ్లూమ్ అనే అమెరికన్ రచయిత్రి 'ఆర్ యు దేర్ గాడ్? ఇట్స్ మీ, మార్గరెట్' రాసింది. మార్గరెట్‌కి పన్నెండేళ్లు నిండబోతున్నాయి. న్యూయార్క్ నుంచి న్యూజెర్సీలో ఒక చిన్న ఊరికి మారుతుంది. నాన్న యూదుడు, అమ్మ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది, అమ్మాయిని ఏ మతంలోనూ పెంచలేదు. కాబట్టి ఆమె తనే నేరుగా దేవుడితో మాట్లాడుకుంటూ ఉంటుంది. కొత్త ఊళ్లో నలుగురు అమ్మాయిలు కలిసి ఒక రహస్య క్లబ్ పెట్టుకుంటారు. అందరూ బ్రా వేసుకోవాలి, నచ్చిన అబ్బాయిల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయాలి. వీటన్నిటికన్నా పెద్ద విషయం, ఎవరికి ముందు పీరియడ్స్ వస్తాయి అన్నది.

ఇంతే కథ. రాక్షసుడు లేడు, హత్య లేదు, పోటీలో కప్పు గెలవడం కూడా లేదు. అయినా యాభై ఏళ్లు దాటినా చదువుతున్నారు. 2023లో కెల్లీ ఫ్రీమన్ క్రెయిగ్ దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. ఎందుకు నిలిచింది?

కథ పనిచేసే తీరు

మొదటిది, ఈ కథల్లో సమస్య సైజు పాత్ర కళ్లతో కొలుస్తారు. పెద్దవాళ్లకి "దానికంత ఏడుపెందుకు" అనిపించేది పన్నెండేళ్ల పిల్లకి ప్రపంచం మునిగిపోయినంత విషయం. మంచి రచయిత ఆ పిల్లని చూసి నవ్వడు. పక్కన కూర్చుని వింటాడు.

రెండోది, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేదంతా నిజం కాదని పాత్రకి తెలిసే క్షణం ఒకటి ఉంటుంది. మార్గరెట్ ఫ్రెండ్ నాన్సీ తనకి పీరియడ్స్ వచ్చేశాయని గొప్పగా చెప్పుకుంటుంది. తర్వాత ఒక రెస్టారెంట్ బాత్‌రూమ్‌లో భయపడి ఏడుస్తుంటే అర్థమవుతుంది, అసలు మొదటిసారి రావడం ఇప్పుడేనని. క్లబ్‌లో అన్నీ తెలిసినట్టు మాట్లాడిన అమ్మాయికి కూడా ఏమీ తెలియదు.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, పాత్ర చేతులమీదుగా ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది. క్లాసులో లారా అనే అమ్మాయి అందరికన్నా ముందే ఎదిగిపోయింది. పొడుగ్గా ఉంటుంది. అబ్బాయిలతో ఆమెకేదో ఉందని పుకారు. మార్గరెట్ ఆ పుకారు నమ్మి, ఒకరోజు కోపంలో మొహం మీదే అనేస్తుంది. లారా ఇన్నాళ్లూ ఎంత ఒంటరిగా బతికిందో అప్పుడు బయటపడుతుంది. ఎదగడం అంటే మన ఒంటి సంగతి మనం తెలుసుకోవడంతో అయిపోదు, పక్కమ్మాయి ఒంటి గురించి మనం ఏం మాట్లాడుతున్నామో కూడా తెలుసుకోవాలి. బ్లూమ్ ఈ మాటని నీతిలా ఎక్కడా చెప్పదు. సీన్ రాసి వదిలేస్తుంది. ప్రతి స్కూల్లో ఒక లారా ఉంటుంది కాబట్టి చదివినవాళ్లకి తగలాల్సిన చోట తగులుతుంది.

ఇంకొక సంగతి. పిల్లలు తమకన్నా ఒకటి రెండేళ్లు పెద్దవాళ్ల కథలు చదవడానికి ఇష్టపడతారు. పదేళ్ల పిల్ల పన్నెండేళ్ల మార్గరెట్‌ని చదువుతుంది. అంటే జరగబోయేది ముందే ఒకసారి పుస్తకంలో జరిగిపోతుంది. భయం సగం అక్కడే తగ్గిపోతుంది.

గొడవ ఎక్కడ వచ్చింది?

ఈ పుస్తకాన్ని అమెరికాలో చాలా స్కూళ్ల లైబ్రరీల్లోంచి తీసేయమన్నారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1990ల కోసం వేసిన ఎక్కువగా అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో ఇదీ ఉంది. పీరియడ్స్ గురించి రాసిందని కొందరు, దేవుడితో అలా మాట్లాడుతుందా అని కొందరు. అదే సమయంలో పిల్లలు మాత్రం బ్లూమ్‌కి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఇంట్లో అమ్మానాన్నలని అడగలేనివన్నీ ఆమెని అడిగారు. ఆ ఉత్తరాలతో 1986లో 'లెటర్స్ టు జూడీ' అని ఒక పుస్తకమే వచ్చింది. పుస్తకాన్ని దాచేసినంత మాత్రాన ప్రశ్న ఎక్కడికీ పోదు, ఇంకొకరి అడ్రస్ వెతుక్కుంటుంది.

2022లో పిక్సార్ 'టర్నింగ్ రెడ్' తీసింది. దర్శకురాలు డోమీ షీ. 2002 నాటి టొరంటోలో పదమూడేళ్ల చైనీస్ కెనడియన్ అమ్మాయి మే, ఒక పొద్దున లేచేసరికి పెద్ద ఎర్ర పాండాగా మారిపోతుంది. అమ్మ సంగతి వేరేగా అర్థం చేసుకుని ప్యాడ్లు తీసుకుని ఏకంగా స్కూల్‌కే వచ్చేస్తుంది. ఆ సీన్ చూసి మన ఇళ్లల్లో అమ్మాయిలు నవ్వకుండా ఉండలేరు. ఎందుకంటే ఆ అమ్మ న్యూజెర్సీ అమ్మ కాదు, అచ్చం మన అమ్మే. ప్రేమ ఎక్కువ, ప్రైవసీ తక్కువ.

మరి మన దగ్గర?

మా పిన్ని కూతురికి పదేళ్లు. మొన్న దసరా సెలవుల్లో "అక్కా, హాఫ్ శారీ ఫంక్షన్ అసలెందుకు చేస్తారు?" అని అడిగింది. వంటింట్లో ఉన్న ముగ్గురు పెద్దవాళ్లూ ఒకేసారి టాపిక్ మార్చేశారు. ఇక్కడే మన పరిస్థితి అమెరికాకి తిరగేసి ఉంది. మార్గరెట్‌ది రహస్యం, తనకీ స్నేహితులకీ మధ్య ఉండే విషయం. మన అమ్మాయిది ఊరంతటికీ తెలిసే విషయం. మేనమామ చీర తెస్తాడు, చిమ్మిలి ఉండలు పంచుతారు, కొన్నిచోట్ల ఫ్లెక్సీ కూడా కడతారు. అందరికీ చెప్తారు, ఆ పిల్లకి తప్ప. కాబట్టి మార్గరెట్ ఎదురుచూస్తుంది, మన పిల్ల భయపడుతుంది. ఒకే సంఘటన, రెండు వేరే కథలు. మార్గరెట్‌ని అనువాదం చేసుకుంటే మాత్రం మన కథ వచ్చెయ్యదు.

మరి తెలుగులో బాల్యం గురించి గొప్ప పుస్తకాలు లేవా? ఉన్నాయి. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు', నామిని 'పచ్చనాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. అన్నీ ప్రాణం పెట్టి చదివించేవే. అన్నిట్లోనూ మాట్లాడేది అబ్బాయే. బుడుగు పక్కింటి సీగానపెసూనాంబ మనందరికీ తెలుసు, కానీ ఆమె గురించి బుడుగు చెప్పిందే మనకి తెలుసు. ఆమె చెప్పుకుంటే ఆ కథ ఎలా ఉండేదో ఎవరూ రాయలేదు. గోగు శ్యామల కథల్లో ఆడపిల్లలు కనిపిస్తారు. ఊరివాళ్లు జోగినిని చేయాలని చూసిన కూతుర్ని తండ్రి హాస్టల్లో చేర్చి చదివించే కథ ఒకటి ఉంది. చాలా బలమైన కథ. అయితే పదేళ్ల పిల్ల తనంతట తానే తీసుకుని చదువుకునే పుస్తకం కావాలంటే వేరేగా రాయాలి.

"ఇప్పటి పిల్లలందరూ ఇంగ్లిష్ మీడియమే కదా, ఇంగ్లిష్‌లో చదువుకుంటారులే" అనొచ్చు. చదువుకుంటారు. నేనూ అలాగే చదివాను. కానీ ఆ పుస్తకం మా అమ్మమ్మ చదవలేదు. తెలుగులో ఉంటే మంచం మీద పడి ఉన్న ఆ పుస్తకాన్ని అమ్మమ్మ తీస్తుంది, అమ్మ తీస్తుంది. నోటితో అడగలేని ప్రశ్నకి పుస్తకమే మధ్యవర్తి అవుతుంది. ఇంగ్లిష్ పుస్తకం ఆ పిల్లకి ఒక్కదానికే సాయం చేస్తుంది. తెలుగు పుస్తకం ఇంటికి చేస్తుంది.

మన క్లబ్‌లో కథలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. లవ్ స్టోరీలు, హాస్టల్ కథలు, ప్లేస్‌మెంట్ కష్టాలు బాగానే వస్తున్నాయి. ఈసారి ఒక పదకొండేళ్ల అమ్మాయితో ప్రయత్నించండి. ఫంక్షన్ రోజు పట్టు లంగా వేసుకుని కుర్చీలో కూర్చున్న ఆ అమ్మాయి, ఫోటోగ్రాఫర్ "నవ్వమ్మా" అంటున్నప్పుడు ఏం ఆలోచిస్తోంది? సోమవారం స్కూల్‌కి వెళ్తే ఎవరు ఏమంటారనా? మేనమామతో ఇకనుంచి క్రికెట్ ఆడొచ్చా లేదా అనా? ఆల్బమ్‌లో ఆ ఫోటో ప్రతి ఇంట్లోనూ ఉంది. దాని కింద రాయాల్సిన కథే ఇంకా రాలేదు.