నల్లద్దాలు

మా తిరువాలంగాడులో మిషను కుట్టి బతికేదాన్ని. ఒక పొద్దున ఎడమ కన్ను తెరుచుకోలేదు. రెప్పలు అంటుకుపోయాయి. తడిపి విప్పితే లోపల ఎరుపు, ఇసక పోసినట్టు గరగర. సూదిలోకి దారం ఎక్కిద్దామంటే ఒకటే నీళ్లు. అత్త చూసి, "మెడ్రాస్ ఐ" అని తేల్చేసింది.

మా తిరుత్తణి తాలూకా 1960లో ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో మాట ఇప్పటికీ తెలుగే గాని కండ్లకలక అన్న మాట అత్త నోట కూడా రాదు. 1918లో మద్రాసులో ఈ జబ్బు చెలరేగితే ఎగ్మూరు కంటాసుపత్రిలో గుర్తించారట. ఊరు 1996లో చెన్నై అయింది, జబ్బు మాత్రం మెడ్రాస్‌లోనే ఉండిపోయింది.

ఆ రోజే ఒకామె జాకెట్టు గుడ్డ తెచ్చింది. చూస్తే అంటుకుంటుందని గోడవైపు తిరిగి మాట్లాడింది. నేను నల్లద్దాలు పెట్టుకున్నాకే ఇటు తిరిగింది. కన్ను తుడుచుకున్న చేత్తోనే నేను టేపు పట్టాను, అదే టేపు కొసను ఆమె పట్టుకుంది. పోతూ పోతూ కన్ను నలుపుకుంది.

మూడో రోజుకు కుడికన్నూ ఎర్రబడింది, చెవి ముందు చిన్న గడ్డ నొప్పి. "అడినోవైరస్ పని. చూపుతో కాదు, చేత్తో, తువ్వాలుతో, తలగడతో పాకుతుంది," అంది డాక్టరమ్మ. చిక్కటి పసుపు చీము కారితే బాక్టీరియా కావచ్చట. రెండు కళ్లూ విపరీతంగా దురద పెడితే ఎలర్జీ అనుకోవచ్చట. వైరస్‌కు యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. చల్లటి గుడ్డ, కంటిని తడిగా ఉంచే చుక్కలు, సబ్బుతో చేతులు కడగడం, అంతే. తగ్గడానికి వారం నుంచి మూడు వారాలు. నేను మందులషాపులో అడిగి కొన్న చుక్కలను ఆమె పక్కన పెట్టేసింది. అందులో స్టెరాయిడ్ ఉంది: ఎరుపు చప్పున తగ్గినట్టుంటుంది, వైరస్ ఇంకా నిలుస్తుంది, అదేపనిగా వాడితే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువైనా ఆగకుండా రమ్మంది. పసిబిడ్డలకైతే అసలు ఆగకూడదట.

అత్త నా కంట్లో నందివర్ధనం పూలరసం పిండబోతే చెట్టుకే వదిలేయమన్నాను. అప్పటిదాకా ఇంట్లో నలుగురికీ ఒకే తువ్వాలు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కోటి, అంచున ఒక్కో రంగు దారం. నాది ఎరుపు.

వారం దాటాక జాకెట్టు కోసం ఆమె వచ్చింది, నల్లద్దాలతో.

"నీ కండ్లలోకి నేను చూడనే లేదు కదక్కా," అంది.